అవ్వ చెప్పింది, నేను చెప్పింది

మా మనవరాలు కార్న్‌ఫ్లేక్స్ డబ్బాతో గూడుబండి చేసింది. పాత దిండు గలీబు కత్తిరించి పైన గూడు కప్పింది, సీసా మూతలు చక్రాలుగా అతికించింది. వంటింట్లో పప్పుకి తాలింపు వేస్తున్న నా ముందుకు తెచ్చి, "చూడమ్మమ్మా, వీళ్ళు అమెరికాలో పడమటికి పోతున్నారు" అంది. దానికి తెలుగంతా అర్థమవుతుంది గాని నోరు తెరిస్తే ఇంగ్లీషే, అదీ మేముంటున్న గాల్వే ఊరి యాసలో. అది అన్నవన్నీ నేనిక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. ఉన్నదున్నట్టే చేస్తున్నానని నమ్మండి. ఆ మాట పనిగట్టుకుని ఎందుకు చెప్పుకోవాల్సి వస్తోందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

బడిలో పయనీర్ల పాఠం జరుగుతోందట. తాతముత్తాతల కాలంలో జనం సామానంతా బండ్లకెక్కించుకుని, పిల్లాజెల్లాతో, ఎడ్లు తోలుకుంటూ నెలల తరబడి గడ్డి మైదానాల మీదుగా పోయారట. ఈ ఐర్లండు నుంచి కూడా బోలెడుమంది పోయారట. కొత్తచోటికి కాపురం మార్చినవాళ్ళు మీ ఇళ్ళలో ఎవరైనా ఉంటే వాళ్ళ కథ తెమ్మని టీచరు పిల్లలందరికీ చెప్పింది.

"మీ అమ్మ ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరు ఉద్యోగానికొచ్చింది కదే, అది చెప్పు" అన్నాను.

"అది బోరింగ్ అమ్మమ్మా. అమ్మ విమానంలో వచ్చింది. నాక్కావాల్సింది బండి."

"బండేగా? నేను వెళ్ళాను బండిలో. రెండెడ్ల బండి. మా నాన్న తోలాడు."

దాని కళ్ళు ఇంతలేసి అయ్యాయి. చెప్పొద్దూ, నాకూ కాస్త గర్వమేసింది. ఆ పిల్ల నన్ను అలా చూడటం అదే మొదలు. మామూలుగా నేను దాని వెనక పెరుగన్నం కంచం పట్టుకుని తిరిగే ముసలిదాన్ని, అంతే. స్టవ్ కట్టేసి కూర్చున్నాను.

మాది కృష్ణా డెల్టా. తాతగారి పొలం అన్నదమ్ములు పంచుకోగా నాన్న వాటాకు వచ్చిన ముక్క మా తిండికే చాలేది కాదు. అడవి వైపు నేల ఊరికే పడి ఉందనీ, కొట్టుకున్నవాడికి కొట్టుకున్నంత అనీ ఎవరో చెప్పారు. నాన్న ఉన్నదంతా అమ్మేశాడు. అలాగే అమ్ముకున్న మరో నాలుగిళ్ళవాళ్ళు కలిశారు. మొత్తం ఐదు బండ్లు ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి.

మా బండి అడుగున లాంతరు, దాని పక్కన కందెన గొట్టం వేలాడేవి. పైన తలకిందులు చేసిన నులకమంచం, దాని కాళ్ళ మధ్య బుట్టలో కోళ్ళు. అమ్మ ఆవకాయ జాడీని తన ఒళ్ళో పెట్టుకుని, నన్ను గడ్డి మీద పడేసింది. ఎవరైనా అడిగితే, "పిల్ల పడితే లేస్తుంది, జాడీ పడితే లేస్తుందా?" అనేది. పగలు చద్దన్నం తినేవాళ్ళం, పొద్దు వాలితే ఏ వాగు ఒడ్డునో మూడు రాళ్ళ పొయ్యి పెట్టేవాళ్ళం. కందెన, ఎడ్ల చెమట, జాడీకి కట్టిన గుడ్డలోంచి వచ్చే ఆవపిండి ఘాటు, అన్నీ కలిసి ఒకటే వాసన. అడవిలోకి దిగాక నేలంతా రాలిన ఇప్పపువ్వు వాసన కూడా తోడైంది. తియ్యగా, కొంచెం పులిసినట్టుగా ఉండేది. ఎడ్లు ఆగి ఆ పువ్వు తినేవి, ఎంత అదిలించినా కదిలేవి కావు. నాన్న బండి దిగి, వాటి మెడల మీద చేతులేసి బతిమాలుకునేవాడు.

మనవరాలు ఇవన్నీ గబగబా రాసుకుంది. తర్వాత పెన్సిలు ఆపి అడిగింది.

"మీరు వెళ్ళకముందు అక్కడ ఎవరుండేవాళ్ళు?"

"ఎవరూ లేరు. అంతా అడవే."

ఒక్క క్షణం తడుముకోలేదు నేను. ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి నోటికి పట్టేసిన మాట అది. పెళ్ళయ్యాక మా ఆయనకి అదే చెప్పాను, పుట్టాక మా అమ్మాయికి అదే చెప్పాను. ఇప్పుడు దాని కూతురు కూడా రాసుకుంది. రాసుకుని ఊరుకుందా? శుక్రవారం బడిలో అమ్మమ్మలూ తాతయ్యలూ వచ్చి పిల్లలకు కబుర్లు చెప్పే రోజట. "నువ్వు తెలుగులో చెప్పు, నేను పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్తాను" అంది.

నేను ఒక భాషలో చెప్పడం, ఒక పిల్ల పక్కన నిలబడి ఇంకో భాషలో చెప్పడం. "నాకు జలుబు చేసేట్టుందే" అన్నాను. "ఇంకా నాలుగు రోజులుంది, అప్పటికి గ్రాండ్‌గా ఉంటావులే" అని, బండి పట్టుకుని పక్కింటికి పరిగెత్తింది. బయట చినుకులు. వానకోటు తీసుకుని నేను వెనకాలే వెళ్ళాను.

పక్కింట్లో ఒక పెద్దాయన ఒక్కడే ఉంటాడు. భార్య పోయింది. ఇంట్లో ఇంకా టర్ఫ్ కాలుస్తాడు. అంటే బురదనేలల్లోంచి కోసి ఎండబెట్టిన మట్టి ఇటుకలన్నమాట. ఆ పొగ వాసన అచ్చం పచ్చి మొద్దులు రోజుల తరబడి మండకుండా రాజుకుంటున్నప్పటి వాసన. మామూలుగానే ఆ ఇంట్లో నాకు ఊపిరాడదు. ఆయన దానికి గోడ మీది ఫోటో చూపిస్తున్నాడు. వాళ్ళ నాయనమ్మ తమ్ముడు అమెరికా పడమటికి పోయి కట్టుకున్న చెక్క ఇల్లు, ముందు ఒక నాగలి, ఒక ఆడమనిషి, ముగ్గురు పిల్లలు. మా పిల్ల ఆయన్నీ వదల్లేదు. అంతకుముందు అక్కడ ఎవరుండేవాళ్ళని అడిగింది.

"ఉండేవాళ్ళమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "ఇక్కడ భూస్వాములు మమ్మల్ని మా ఇళ్ళలోంచి గెంటారు. మావాళ్ళు అక్కడికి పోయి ఇంకొకళ్ళని గెంటారు. ఫోటోలో వాళ్ళు పడలేదంతే." తర్వాత నా వైపు తిరిగి, "టీ పెట్టమంటారా?" అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన ఎంత తేలిగ్గా చెప్పేశాడు! కప్పు ఇచ్చాడు గాని తాగలేకపోయాను. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. మా అమ్మాయి నాలుక చూసింది, బీపీ చూసింది. దాని కొలతలకు దొరికే జబ్బు కాదది.

మేం దిగిన చోటు అడవి మధ్యలో చదునైన నేల. పక్కన వాగు. వాగు అవతల కోయగూడెం, పది పన్నెండు గుడిసెలు. వాళ్ళు ఆ నేలలో కొన్నేళ్ళు జొన్న చల్లుకుని, సారం తగ్గగానే వదిలేసి పక్కకి పోతారు. నేల కోలుకున్నాక మళ్ళీ తిరిగొస్తారు. అది వాళ్ళ వ్యవసాయం. గట్టు లేని పొలాన్ని పొలమని ఒప్పుకోని మావాళ్ళకి అది ఖాళీ నేల. ఒక దళారీ ఏదో కాగితం రాసి నాన్న చేతికిచ్చాడు. నాన్న దాన్ని రేకుపెట్టెలో, నా జాతకం కింద దాచాడు.

మొదటి ఏడాది మొద్దులు పీకడమే పని. చుట్టూ తవ్వి, గడ్డపలుగులు దూర్చి, గొలుసు కట్టి ఎడ్లతో లాగించేవారు. రానివాటికి నిప్పు పెట్టేవారు. రాత్రీ పగలూ పొగ. నాన్న అరచేతులు పగిలి, అన్నం కలుపుకుంటే మంట పుట్టి, చెంచాతో తినేవాడు. చలిజ్వరాలు ఇంటింటినీ వాయించాయి. మాతో వచ్చిన ఒకింటి చంటిపిల్ల అక్కడే పోయింది. సుఖపడ్డామని నేను చెప్పను. అయితే కష్టపడ్డామన్నది ఇన్నాళ్ళూ నాకు మంచి ముసుగుగా పనికొచ్చింది.

గూడెంలో నా ఈడుది ఒక పిల్ల ఉండేది. దాని పేరు ఇక్కడ రాయను, రాసే మొహం లేదు. తెల్లారకుండా ఇప్పపువ్వు ఏరడానికి వచ్చేది. నేనూ గంప పట్టుకుని దాని వెనక పోయేదాన్ని. వాళ్ళ అవ్వ ఆ పువ్వు ఉడకబెట్టి పెట్టేది, జొన్న అంబలి పోసేది. మా అమ్మ వాళ్ళింట్లో తినొద్దనేది. తిని, మూతి తుడుచుకుని వచ్చేదాన్ని. దానికి నేను తెలుగు నేర్పాను, అది నాకు వాళ్ళ మాట నేర్పింది. ఏడాది తిరిగేసరికి నేను కోయమాట గడగడా మాట్లాడేదాన్ని. అవ్వకి తెలుగు ఒక్క ముక్క రాదు. నేను మాట్లాడుతుంటే నా నోటికేసి చూసి మురిసిపోయేది, మధ్య మధ్య తప్పులు దిద్దేది.

మా నేలలో ఇప్పచెట్ల వారన తొమ్మిది రాళ్ళుండేవి. మనిషి ఎత్తువి, నడుమెత్తువి, మోకాలెత్తుది ఒకటి. వరసగా నిలబెట్టి ఉండేవి. మా అమ్మ వాటిని చూసిన రోజే చెంపలేసుకుంది. మాకు అలవాటే కదా, నిలబెట్టిన రాయి కనిపిస్తే పోతురాజో, ఏదో ఒక దేవుడో అనుకోవడం. "ఎవరైతేనేం, కొత్త చోట కనిపెట్టుకుని ఉండేవాడు ఒకడుండాలి" అని తొమ్మిదింటికీ పసుపు పూసి బొట్లు పెట్టింది. ఇక ప్రతి మంగళవారం ఐదిళ్ళ ఆడవాళ్ళూ తలంటుకుని వచ్చి చలిమిడి, వడపప్పు నైవేద్యం పెట్టేవాళ్ళు. వాళ్ళు ఇటు తిరగ్గానే మేమిద్దరం రాళ్ళ వెనక నుంచి చెయ్యి చాచి చలిమిడి లాగించేవాళ్ళం.

ఒక మంగళవారం అది చలిమిడి నములుతూ పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ అమ్మ మా తాతకి బొట్టు పెట్టింది!" అంది. ఆ రాళ్ళు వాళ్ళింట్లో పోయినవాళ్ళవట. మనిషి పోతే రాయి నిలబెడతారట, ఆవుతోక తెచ్చి కడతారట. ఆ మోకాలెత్తు రాయి పేరైనా పెట్టకముందే పోయిన వాళ్ళ మేనత్తదట. "ఎవరికీ చెప్పకు, మీవాళ్ళు భయపడతారు" అంది. ఎవరికీ చెప్పనని ఒట్టేశాను.

నా కడుపులో మాట దాగితేగా! అన్నం తింటూ అమ్మతో అనేశాను. అమ్మ కంచం ముందు నుంచి లేచి, నూతి దగ్గరకు పరిగెత్తి, తల మీద బిందె నీళ్ళు కుమ్మరించుకుంది. "ఓరి భగవంతుడా! శవాల రాళ్ళకా నేను ఇన్నాళ్ళూ పసుపు రాసింది! పిల్ల గలవాళ్ళం, శ్మశానంలో కాపురం పెట్టామా!" అని ఏడ్చింది. రెండు రోజుల్లో మగవాళ్ళంతా కలిసి రాళ్ళు పీకేశారు. వాగు ఒడ్డు కోసుకుపోతున్న చోట దొర్లించి పైన మట్టి కప్పారు. ఆ చోటంతా దున్ని మిరపనారు వేశారు. గూడెం మగవాళ్ళు వచ్చి అడిగారు. మాటా మాటా పెరిగింది. వాళ్ళు ఎవరో బడిపంతులు చేత అర్జీ రాయించి పై ఆఫీసరుకు పంపారు. ఈ నేల మాది, మా పెద్దల రాళ్ళు ఇక్కడున్నాయి, ఇదీ అర్జీ.

ఆ రోజుల్లో నాన్న అమ్మతో అనగా విన్నాను. "ఇక్కణ్ణుంచి లెమ్మంటే ఎక్కడికి పోతామే? అక్కడ అంగుళం లేదు. బండి కట్టుకుని రోడ్డు మీద పడాల్సిందే." నాన్న గొంతు అలా వణకడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

ఆఫీసరు వచ్చే వారం వస్తాడని గూడెం వాళ్ళకు కబురు. ఈ వారమే వచ్చేశాడు. గూడెం మగవాళ్ళందరూ వెదురు నరకడానికి లోపలి అడవికి పోయి ఉన్నారు. అది దానంతటది జరగలేదని, మావాళ్ళ ఏర్పాటేనని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది నాకు. మా పందిట్లో కుర్చీ వేశారు. అమ్మ నాటుకోడి కూర వండింది. వాగు దాటి ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు వచ్చి ఎండలో నిలబడ్డారు.

"అర్జీలో రాళ్ళని రాశారు. ఏవీ రాళ్ళు?" అన్నాడు ఆఫీసరు.

"రాళ్ళేంటండీ బాబూ. మొద్దులు తప్ప నేనేం పీకలేదు" అన్నాడు నాన్న.

అవ్వ ముందుకొచ్చి ఏదో చెప్పింది. ఆఫీసరుకు అర్థం కాలేదు. ఈ భాష ఎవరికొచ్చని అడిగాడు. నా స్నేహితురాలు ముందుకు ఉరికింది. "నాకొచ్చు, నేను చెప్త" అంది. "వాళ్ళ పిల్లేనండీ, వాళ్ళకి కావాల్సిందే చెప్తుంది" అన్నాడు నాన్న. అప్పుడు అవ్వ చుట్టూ చూసి, నన్ను వేలుపెట్టి చూపించి ఒక మాటంది.

"ఏమంటోంది?" అన్నాడు ఆఫీసరు నాతో.

"ఈ పిల్ల చెప్తుంది, నా ఇంట్లో తిన్న పిల్ల అంటోందండి."

ఆ రోజు మొత్తం మీద నేను ఉన్నదున్నట్టు తెలుగు చేసిన మాట అదొక్కటే.

అవ్వ పొలంలోకి నడిచింది. దున్నేసి, నారు వేసేసిన నేల. ఒక్క ఆనవాలు లేదు. అయినా సరిగ్గా మొదటి రాయి ఉండే చోట ఆగింది. "ఇక్కడ నా మొగుడు. పులి ఎత్తుకుపోతే దొరికిన ఎముకలకే రాయి నిలబెట్టుకున్నాం" అంది. ఆఫీసరు నాకేసి చూశాడు. నాన్న తుండుతో చేతులు తుడుచుకుంటున్నాడు. నాకేం సైగ చెయ్యలేదు. నాకెవరూ ఏమీ నేర్పలేదు, దేవుడి మీద ఒట్టు. నా అంతట నేనే అన్నాను.

"ఇక్కడ పెద్ద చెట్టుండేదటండి. పిడుగు పడిందట."

ఆఫీసరు వెంట వచ్చిన గుమాస్తా రాసుకున్నాడు. అవ్వ రెండో చోట ఆగింది. "ఇక్కడ నా పెద్దకొడుకు. జ్వరం తీసుకుపోయింది."

"ఇక్కడ మేకల్ని కట్టేసుకునేవాళ్ళటండి."

మొదటి అబద్ధమే కష్టం. మూడోదానికి నా నోరు తిరిగింది. నాలుగోదానికి, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సరదా వేసింది. అంత పెద్ద ఆఫీసరు నా మాట కోసం కాసుకుని ఉండటం, నాన్న ముఖంలోకి నెత్తురు తిరిగి రావడం. అవ్వ ఒక్కొక్క మనిషినీ పేరుపెట్టి చెబుతోంటే నేను కుంట అన్నాను, పుట్ట అన్నాను, కట్టెల మోపు దించే చోటన్నాను. అవ్వ మోకాలెత్తు రాయి ఉండే చోటికొచ్చి కూర్చుండిపోయింది. మట్టి మీద అరచెయ్యి ఆనించింది. "ఇది ఇంకా నా పాలు మరవని పిల్ల. ఈ రాయి నేనొక్కదాన్నే ఎత్తి తెచ్చుకున్నాను" అంది.

"ఇక్కడ కాలికి ముల్లు గుచ్చుకుందటండి" అన్నాను.

ఆఫీసరు పకపకా నవ్వాడు. గుమాస్తా నవ్వాడు. అవ్వ తలెత్తి ఎందుకు నవ్వుతున్నారన్నట్టు నాకేసి చూసింది. నేను వాళ్ళ మాటలో, "ఆయన విన్నాడు అవ్వా" అన్నాను.

"అట్ల చెప్పలే! మా అవ్వ అట్ల చెప్పలే!" అని నా స్నేహితురాలు కేకపెట్టింది. "చూశారా, నేను చెప్తానంటే నేను చెప్తానని పిల్లలు కొట్టుకుంటున్నారు" అన్నాడు ఆఫీసరు. అది వాళ్ళ అవ్వ చెయ్యి పట్టుకుని గుంజుతూ వాళ్ళ మాటలో చెప్పింది, ఇది అబద్ధాలాడుతోందని. అవ్వ దాన్ని కసురుకుంది. "నా చేతి అంబలి తాగిన పిల్ల. ఎందుకు ఆడుతుంది?" అంది.

అవ్వ బొటనవేలికి సిరా పూసి కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. అంతా అయ్యాక అవ్వ నా తల నిమిరింది. కొంగుముడి విప్పి గుప్పెడు సారపప్పు నా చేతిలో పోసింది, చాలాసేపు మాట్లాడి అలిసిపోయి ఉంటావు, తినమంది. నేను తిన్నాను. అక్కడే, నా స్నేహితురాలు చూస్తుండగానే, చివరి పలుకు దాకా తిన్నాను.

నాన్న ఆ రోజు నన్ను భుజానికెత్తుకుని ఐదిళ్ళూ తిప్పాడు. "నా బంగారుతల్లి వల్ల ఒడ్డున పడ్డాం" అన్నాడు. పట్టుపరికిణీ కుట్టించాడు. అమ్మ మాత్రం అన్నం వడ్డిస్తూ, "నీకు ఆ మాట బాగానే వచ్చు కదే" అని ఊరుకుంది. అర్జీ కొట్టేశారు. మళ్ళీ వానలు పడేలోగా గూడెం ఖాళీ అయింది. ఆ ఐదు బండ్లవాళ్ళ ఊరు పెరిగి పెద్దదైంది, మిరపకి పేరుపడింది. ఇప్పచెట్లు పోయాయి, అడవి పోయింది. చిన్నపిల్లని, నాకేం తెలుసు అని ఏళ్ళ తరబడి నన్ను నేను సముదాయించుకున్నాను. మా ఆయన చెయ్యి పట్టుకుని అత్తారింటికి పోయేటప్పుడూ అదే అనుకున్నాను.

ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు సంతలో దాన్ని చూశాను. చింతపండు, అడ్డాకుల కట్టలు పెట్టుకుని కూర్చుంది. చంకలో బిడ్డ. నన్ను చూసింది. గుర్తుపట్టిందని కళ్ళే చెప్పాయి. నేను వాళ్ళ మాటలో పలకరిస్తే చాలు. ఆ ఒక్క మాట నా నాలుక చివర దాకా వచ్చింది. "ఎంత కావాలమ్మా?" అంది అది, తెలుగులో. "వద్దులే" అని మా ఆయన వెనకాల నడిచాను. అదే ఆఖరు.

శుక్రవారం వచ్చింది. జలుబు రాలేదు. తరగతి గదిలో చిన్న చిన్న కుర్చీలు, గోడల నిండా గూడుబండ్ల బొమ్మలు. మా పిల్ల నేను చెప్పిన బండి కథ కాగితం మీద చక్కగా రాసుకుని నా పక్కన నిలబడింది. జాడీ సంగతి చెప్పగానే పిల్లలు నవ్వారు. అది ఉత్సాహంగా తర్వాతి పేజీ తిప్పింది. ఆ పేజీలో, అక్కడ ఎవరూ లేరు, అంతా అడవే అని ఉంది.

"అక్కడ మనుషులున్నారు" అన్నాను నేను.

అది కాగితం చూసుకుంది, నన్ను చూసింది. "ఇది నువ్వు నాకు చెప్పలేదు అమ్మమ్మా" అంది గుసగుసగా.

"ఇప్పుడు చెప్తున్నాను. నువ్వు చెప్పగలవా?"

దాని చెవులు ఎర్రగా అయ్యాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. నేను ఒక్కొక్క వాక్యం చెప్పాను, అది ఒక్కొక్క వాక్యం చెప్పింది. నాకు ఇంగ్లీషు మాట్లాడటం రాదు గాని వింటే తెలుస్తుంది. అందుకే చెవులప్పగించి విన్నాను. రాళ్ళు రాళ్ళే అంది, చెట్లనలేదు. పేరు పెట్టని పిల్లని పేరు పెట్టని పిల్లే అంది. నాకు సరదా వేసిందన్న చోట ఆగిపోయింది. ముందు వరసలో దాని స్నేహితురాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆ ముక్క ఒక్కటీ వదిలేస్తే దానికి ఎంత తేలిక! నేనైతే వదిలేసేదాన్ని. అది వదల్లేదు. "మా అమ్మమ్మకి సరదా వేసిందట" అని చెప్పింది, నేల చూపులు చూస్తూ.

సారపప్పు తిన్నానని చెప్పి ఆపేశాను. వెనక వరసలో ఎర్రజుట్టు పిల్లాడు చెయ్యెత్తాడు. ఏదో అడిగాడు. వాడడిగింది నాకు తెలిసింది. అయినా అది తెలుగులో చెప్పేదాకా ఆగాను. దాని నోట తెలుగు రావడం అరుదు. కూడబలుక్కుని చెప్పింది.

"నీ ఫ్రెండ్‌కి సారీ చెప్పావా, అమ్మమ్మా?"

"లేదు."

అది తరగతి వైపు తిరిగి, "లేదంది" అని చెప్పింది. చిన్నప్పుడు కదా అని గాని, తర్వాత చాలా బాధపడిందని గాని, ఏదీ కలపలేదు. నేను కలుపుతుందేమోనని చూశాను. కలిపితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఇంటికి నడుస్తుంటే వాన. రోజూ నా చెయ్యి పట్టుకునేది, ఆ రోజు నాలుగడుగులు ముందు నడిచింది. రోడ్డు దాటేచోట మాత్రం ఆగి నా కోసం చూసింది. నేను దాని వీపు చూసుకుంటూ నడిచాను. చిన్నపిల్లని, నాకేం తెలుసు అని మళ్ళీ ఒకసారి అనుకోబోయాను. నోరు రాలేదు.

మా మనవరాలికి పదేళ్ళు. ఆఫీసరు వచ్చిన రోజు నాకు పదకొండు.